ఐదో నంబరు చొక్కా

నదికి ఇవతల పైసాండూ, అవతల వేరే దేశం.
మధ్యలో నీళ్ళు ఎవరివో నేనెప్పుడూ అడగలేదు.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఈ క్లబ్బు బట్టలు ఉతికాను.
మనుషుల్ని మొహాలతో కాదు,
మరకలతో గుర్తుపెట్టుకుంటాను.

గోల్‌కీపరుకి మోచేతుల దగ్గర సున్నం.
తొమ్మిదో నంబరుకి మెడ చుట్టూ
వాటేసుకున్నవాళ్ళ చెమట, ఒక్కోసారి లిప్‌స్టిక్కు.
ఐదో నంబరుకి మాత్రం
ఒళ్ళంతా మైదానమే.

దార్దో ఇరిసార్రి.
పదహారేళ్ళప్పుడు వచ్చాడు, తోళ్ళ ఫ్యాక్టరీ వాసనతో,
అన్న బూట్లలో ముందువైపు కాగితాలు కుక్కుకుని.
నడుస్తున్నా, సొరబుర్రలో మాతే పీల్చుకుంటున్నా
ఎడమ భుజం మీంచి ఓసారి, కుడి భుజం మీంచి ఓసారి
వెనక్కి చూసేవాడు.
ఏదో దొంగిలించి వచ్చాడనుకున్నాను.
సబ్బులు లెక్కపెట్టుకున్నాను కూడా.

తర్వాత ఓ ఆదివారం కంచె పక్కన
బకెట్టు బోర్లించుకుని కూర్చుంటే తెలిసింది:
బంతి వచ్చేలోపే వాడికి
ఎవడెక్కడున్నాడో తెలియాలి.
వచ్చాక చూస్తే ఆలస్యం.
ఇటు అందుకోవడం, అటు ఇచ్చేయడం,
ఇచ్చి, మళ్ళీ అడగడానికి ఖాళీలోకి పరుగెత్తడం.
తొంభై నిమిషాలూ అదే పని,
అప్పు తీర్చిన చేత్తోనే
మళ్ళీ అప్పడిగే మనిషిలా.

పేపర్లో ఫోటో పడేది.
గోలు కొట్టినవాడు చేతులు చాపి గాల్లో ఉంటే
అంచున ఎవరిదో సగం మోచెయ్యి.
"ఇది నాదే నెలిదా" అని చూపించేవాడు.
ఆ మోచేతిని వాళ్ళమ్మ కత్తిరించి
పిండి డబ్బా మూతకి లోపలివైపు అంటించిందట.

ఇరవయ్యో ఏట మోంటెవిడియో వాళ్ళు కొనుక్కుపోయారు.
తర్వాత మెక్సికో. ఎంత ఎత్తున ఉందో ఆ ఊరు,
మొదటి నెల ఊపిరి కూడా అరువేనని కార్డు రాశాడు.
తర్వాత స్పెయిన్, రెండో డివిజన్,
రెండు చలికాలాలు, ఒక మోకాలు.
పన్నెండేళ్ళు వాడి మరకలు ఎవరు వదిలించారో,
ఎక్కడి మట్టి ఎలాంటిదో
నాకు తెలియదు. తెలియనిదాన్ని నేను ఆరేయను.

తిరిగొచ్చాడు, అదే నంబరుకి.
"మొత్తం ఎన్ని గోల్సు కొట్టావురా?"
"నాలుగు. అందులో ఒకటి
వాళ్ళవాడి వీపుకి తగిలి."
నవ్వుతూనే మోకాలికి పట్టీ చుట్టుకున్నాడు.
కుర్రాళ్ళు పదడుగులు పరుగెత్తి చేరే చోట
వీడు రెండడుగులేసి ముందే నిలబడి ఉండేవాడు.
ఊళ్ళో మెచ్చుకున్నారు.
నేను మాత్రం వారం వారం చూస్తున్నాను,
చొక్కాలో మట్టి తగ్గిపోతోంది.
కోచ్ కంటే ముందు ఆ సంగతి తెలిసింది నాకే.
ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి ఆట నవంబర్లో.
ఆఖరిదని ఎవరూ అనలేదు.
ఎనభై ఏడో నిమిషంలో దింపారు.
మూడుసార్లు బంతి కాలికి తగిలింది,
మూడుసార్లూ పక్కవాడికిచ్చాడు.

రాత్రి గుమ్మంలో నిలబడ్డాడు.
"ఈ ఒక్కటీ ఉతక్కు. అలాగే ఉంచుకుంటాను."
అప్పటికే నానబెట్టేశాను.
ఇద్దరం బకెట్లోకి చూశాం.
నీళ్ళు తేటగానే ఉన్నాయి.

"రేపు ఆరాక ఇస్తాలే."
"వద్దు, ఇప్పుడే పిండి ఇవ్వు."

వీధి మొదట్లో ఆగాడు.
ఎడమ భుజం మీంచి ఓసారి,
కుడి భుజం మీంచి ఓసారి.
వెనక ఎవరూ రావడం లేదు.
ఎవరికివ్వాలో తేలనట్టు
తడి చొక్కాని ఈ చేతిలోంచి
ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

నాకింకా పదకొండు జతల మేజోళ్ళు మిగిలున్నాయి.